గోరుచుట్టు తగ్గాక రోకటిపోటు

ఆ ప్రయోగంలో నాకు అన్నిటికంటే నచ్చింది మందెక్కని ఎలుకల గుంపు. వాటికీ సూది వేశారు. సిరంజిలో మాత్రం హార్మోన్ లేదు, హార్మోన్ కలపడానికి వాడే ఉత్త ద్రవమే ఉంది. చిట్టెలుకను ఎత్తడం, మెడ వెనక చర్మం ఒడిసి పట్టడం, చురుక్కుమని సూది దింపడం, తిరిగి గూట్లో వదిలేయడం. జరిగింది అంతే. పక్క గుంపుకీ ఇదే తంతు. కాకపోతే ఆ సిరంజిలో కార్టికోస్టెరోన్ ఉంది. ఒత్తిడి వేళ ఎలుకల ఒంట్లో అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోన్ అది, మన కార్టిసాల్‌కి వేలువిడిచిన చుట్టం. ఇంకో గుంపుని పైకెక్కే దారిలేని నీళ్ల పాత్రలో వేసి ఈదించారు.

ఆ తర్వాత అన్ని గుంపుల మెదళ్లలో నుంచీ హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని తీసి, అందులో ఏ జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరిగిందో, ఏవి తగ్గాయో చూశారు. ఉత్త సూది పడ్డ ఎలుకల పట్టీ, ఈదిన ఎలుకల పట్టీ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. హార్మోన్ ఎక్కినవాటి పట్టీ ఆ రెంటితోనూ కలవలేదు.

ఒత్తిడంటే కార్టిసాల్, కార్టిసాల్ అంటే ఒత్తిడి అని పత్రికల ఆరోగ్య పేజీలు మనచేత వల్లె వేయించాయి. ఆ లెక్కకి ఉత్త సూది ఎలుకలు అడ్డు తగులుతున్నాయి. ఒక్కసారి ఆ గుంపు లేదనుకుని చూడండి. ఈదిన ఎలుకలకీ హార్మోన్ ఎక్కినవాటికీ తేడా కనిపించగానే, 'ఈతలో కండరాల శ్రమ ఉంది, చన్నీళ్లు ఉన్నాయి, ఆ తేడా అదే' అని ఎవరైనా తీసిపారేసేవారు. సూది ఎలుకలు ఈదలేదు, తడవలేదు. భయపడ్డాయి, అంతే. ఆ భయానికి వాటి ఒంట్లోనూ కొంత కార్టికోస్టెరోన్ ఊరే ఉంటుంది. అయినా బయటి నుంచి హార్మోన్ నింపితే వచ్చే రూపు వేరు, బతుకు మీద భయం తెచ్చే రూపు వేరు. భయంలో హార్మోన్ ఒక పాయ మాత్రమే. ఆ మాట చెప్పడానికి ఒక ఖాళీ సిరంజి సాక్షి అయింది.

న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జరిగిన ఈ పని 2014లో మాలిక్యులర్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. చేసినవాళ్లు జేసన్ గ్రే, టాడ్ రూబిన్, రిచర్డ్ హంటర్, వాళ్ల పెద్దాయన బ్రూస్ మెక్‌యూయెన్. ఒత్తిడి మెదడులో ఆర్‌ఎన్‌ఏని ఎలా మారుస్తుందన్న విషయం మీద ఇంతకంటే పెద్ద పరికరాలతో, ఇంతకంటే ఎక్కువ జన్యువులతో చాలా పరిశోధనలు వచ్చాయి. వాటిని చదివి పక్కన పెడతాను. దీన్ని మాత్రం మళ్లీ తీస్తాను. ఇందులో తెలివంతా ఏ గూట్లో ఏ ఎలుకను ఉంచాలి, ఏ రోజున దేన్ని దేని పక్కన పెట్టి చూడాలి అన్న ఏర్పాటులో ఉంది. ఆ ఏర్పాటు మంచి మేస్త్రీ కట్టిన గోడలా ఉంటుంది. ఏ ఇటుక తీసినా గోడ ఊగుతుంది.

అసలు ఆర్‌ఎన్‌ఏని చూడటమంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. డీఎన్‌ఏ బీరువాలో దాచిన దస్తావేజు అనుకుంటే, ఆర్‌ఎన్‌ఏ కిరాణా కొట్టుకి పంపే చీటీ. దస్తావేజు ఏ ఇంట్లో అయినా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఆ ఇంట్లో ఇవాళ ఏం జరుగుతోందో తెలియాలంటే మాత్రం చీటీలు చూడాలి. పెళ్లికి వెళ్లే చీటీ ఒకలా ఉంటుంది, తద్దినానికి ఒకలా. సరుకు వచ్చాక చీటీ చింపి పారేస్తారు. కణమూ అంతే. నాడీకణం ఉలిక్కిపడినప్పుడు ముందుగా మేలుకునే జన్యువుల్లో సి-ఫాస్ ఒకటి. దాని ఆర్‌ఎన్‌ఏ అరగంటకల్లా పతాక స్థాయికి చేరి, కొద్ది గంటల్లో ఆనవాలు లేకుండా పోతుంది. అందుకే ఒక ఎలుక మెదడు ఈత తర్వాత గంటకి, ఇంకోదాని మెదడు మూడు గంటలకి తీస్తే ఆ రెంటినీ పోల్చడానికి లేదు. పొద్దున తీసినదాన్ని సాయంత్రం తీసినదాని పక్కన పెట్టడానికీ వీల్లేదు. ఎలుకల ఒంట్లో కార్టికోస్టెరోన్ చీకటి పడే వేళకి దానంతటదే పెరుగుతుంది. రాత్రి తిరిగే జీవి కదా, మనకి తెల్లవారుజామున పెరిగేది దానికి మునిమాపు వేళ పెరుగుతుంది.

పైగా ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారం. దాని చక్కెర ముక్క మీద డీఎన్‌ఏకి లేని ఒక ఆక్సిజన్ అదనంగా ఉంటుంది. ఆ ఒక్క అదనమే దాన్ని తెగిపోయేలా చేస్తుంది. దీనికి తోడు ఆర్‌ఎన్‌ఏని నమిలేసే ఎంజైములు మన చెమటలో, ఉమ్మిలో, వేళ్ల చివర, బల్ల మీద, అంతటా ఉంటాయి. మరిగించినా సులువుగా చావవు.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. పీజీ రోజుల్లో ఒక ల్యాబ్‌లో మూడు వారాలు పోగేసిన నమూనాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీశాను. గులాబీ రంగు ద్రావకంలో కణజాలం నలిపి, క్లోరోఫామ్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టంలో మూడు పొరలు విడతాయి. అడుగున గులాబీ, నడుమ తెల్లటి మీగడలాంటి పొర, పైన నీళ్లలాంటి తేట. మనకి కావాల్సింది ఆ తేట. పిపెట్ మొనతో మీగడని తాకకుండా పైపైన పీల్చాలి. ఆశపడి చివరి చుక్క దాకా లాగితే డీఎన్‌ఏ కూడా వచ్చేస్తుంది. తేటలో ఐసోప్రొపనాల్ పోసి మళ్లీ తిప్పితే గొట్టం అడుగున ఒక మచ్చ మిగులుతుంది. వెలుగుకి అడ్డం పెట్టి వెతికితే తప్ప కనపడదు. ఇదంతా బాగానే చేశాను. నడుమ ఎప్పుడో గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకున్నాను. జెల్ మీద రెండు గీతలు స్పష్టంగా నిలవాలి, రైబోజోముల 28ఎస్, 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ గీతలు. నాకు వచ్చింది అడుగున పొగలాంటి మసక. మా సీనియర్ అక్క జెల్ చూసి ఏమీ అనలేదు. నా నుదుటి వంక చూసింది.

కాబట్టి ఒక పట్టికలో 'ఈ జన్యువు రెండింతలైంది' అన్న అంకె కనిపిస్తే నేను దాని వెనక చెయ్యిని చూస్తాను. అరగ్రాము కూడా తూగని చిట్టెలుక మెదడుని మంచు మీద ఉంచి, పైపొరని పక్కకి మడిచి, దాని కింద జీడిపప్పులా వంపు తిరిగిన హిప్పోక్యాంపస్‌ని చిన్న గరిటెలాంటి పనిముట్టుతో దొర్లించి తీసిన చెయ్యి. మొదటి ఎలుకకీ ఆఖరి ఎలుకకీ అదే వేగం, అదే కోత.

మెక్‌యూయెన్‌కి ఈ పద్ధతి ఒక్కరోజులో అబ్బలేదు. 1938లో కొలరాడోలో పుట్టిన ఆయన, 1964లో రాక్‌ఫెల్లర్‌లోనే డాక్టరేట్ చేశాడు. గురువులు ఆల్ఫ్రెడ్ మిర్‌స్కీ, విన్సెంట్ ఆల్‌ఫ్రే. డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీద రసాయనిక గుర్తులు పడితే ఆర్‌ఎన్‌ఏ తయారీ మారుతుందన్న ఆలోచనను వాళ్లు ముందుకు తెచ్చింది ఆ ఏడాదే. జన్యువు రాతి మీద గీత కాదు, పరిస్థితిని బట్టి తెరుచుకునే తలుపు అన్న భావన ఆ బడిలోనే ఆయనకి ఒంటబట్టింది. అక్కణ్నుంచి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కి, హోల్గర్ హిడేన్ దగ్గరికి వెళ్లాడు.

హిడేన్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సూక్ష్మదర్శిని కింద మెదడు ముక్క పెట్టుకుని, ఒక్కొక్క నాడీకణాన్నీ చేత్తో విడదీసి, అందులోని ఆర్‌ఎన్‌ఏని పికోగ్రాముల లెక్కన కొలిచిన మనిషి ఆయన. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. వాలుగా కట్టిన తీగ మీద నడిచి తిండి తెచ్చుకోవడం నేర్చిన ఎలుకల మెదళ్లలో ఆర్‌ఎన్‌ఏ మారుతోందని 1962లో ప్రకటించాడు. జ్ఞాపకమే ఆర్‌ఎన్‌ఏలో రాసి ఉంటుందని ఊహించేదాకా వెళ్లాడు. ఆ ఊహ నిలవలేదు. కానీ అనుభవం మెదడులోని ఆర్‌ఎన్‌ఏని కదుపుతుందన్న సగం మాట నిలిచింది. సిద్ధాంతం కూలినా పనితనం మిగలడం విజ్ఞానంలో అరుదేమీ కాదు. గొప్ప సిద్ధాంతాల కంటే అలాంటి మిగుళ్ల మీదే నాకు మక్కువ.

తిరిగి న్యూయార్క్ వచ్చాక 1968లో జే వైస్, లెస్లీ ష్వార్ట్జ్‌లతో కలిసి మెక్‌యూయెన్ నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్రశ్న సూటిగా ఉంది. అడ్రినల్ హార్మోన్ మెదడులో ఎక్కడ దిగుతుంది? అడ్రినల్ గ్రంథులని పిట్యుటరీ ద్వారా శాసించేది హైపోథాలమస్ కాబట్టి హార్మోన్ తిరిగి చేరేదీ అక్కడికేనని అందరూ అనుకునేవారు. వీళ్లు ముందు ఎలుకల అడ్రినల్ గ్రంథులు తీసేశారు. నాకు ఈ మెట్టంటే మహా ఇష్టం. హార్మోన్‌ని వెతకడానికి ముందు హార్మోన్‌ని ఖాళీ చేశారు. అలా చేయకపోతే గ్రాహకాలనే కుర్చీలన్నిట్లో ఎలుక సొంత హార్మోన్ కూర్చుని ఉంటుంది, బయటి నుంచి వచ్చినదానికి చోటుండదు. కుర్చీలు ఖాళీ అయ్యాక, ట్రిటియం అనే రేడియోధార్మిక గుర్తు తగిలించిన కార్టికోస్టెరోన్ ఎక్కించారు. ఆ గుర్తు గట్టిగా నిలిచింది హైపోథాలమస్‌లో కాదు. హిప్పోక్యాంపస్‌లో. 1972లో గెర్లాక్ అనే సహచరుడితో కలిసి అదే సంగతిని ఫొటో ఎమల్షన్ మీద చూపించారు. కణాల కేంద్రకాల మీద వెండి రేణువులు నల్లగా పేరుకున్నాయి.

కేంద్రకం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. హార్మోన్ కణం గడప దగ్గరే ఆగిపోతే అది కబురు మాత్రమే. కేంద్రకంలోకి వెళ్లిందంటే దస్తావేజు దాకా వెళ్లిందన్నమాట. హిప్పోక్యాంపస్ జ్ఞాపకాలకి ఆటపట్టు. ఏ వీధిలో కుక్క కరిచిందో, ఏ వేళకి అన్నం దొరికిందో గుర్తుంచుకునే చోటు. మూత్రపిండాల మీద కూర్చున్న గ్రంథి నుంచి బయల్దేరిన హార్మోన్, జ్ఞాపకాల గదిలోకి వెళ్లి ఏ చీటీలు రాయాలో చెబుతోంది. ఆ హార్మోన్‌కి మెదడులో రెండు రకాల గ్రాహకాలున్నాయని 1985లో నెదర్లాండ్స్‌లో రూల్, డి క్లోట్ తేల్చారు. ఒకటి కొద్దిపాటి హార్మోన్‌కే నిండిపోతుంది. రెండోది ఒత్తిడి పోటెత్తినప్పుడు గాని నిండదు.

మధ్యలో పాతికేళ్ల కథని రెండు ముక్కల్లో దాటేస్తాను. 1990ల మొదట్లో ఇదే ల్యాబ్‌లో ఎలుకలని రోజుకి 6 గంటల చొప్పున 21 రోజులు కదలకుండా బంధించి ఉంచితే, హిప్పోక్యాంపస్‌లో సీఏ3 అనే చోట నాడీకణాల కొమ్మలు కురచనయ్యాయి. వెండి లవణాలతో వేసే గాల్జీ రంగు ఎక్కడో నూటికొక కణానికి మాత్రమే పడుతుంది. పడ్డ కణం మాత్రం వేళ్లూ కొమ్మలతో సహా బొగ్గుతో గీసిన చెట్టులా కనిపిస్తుంది. ఆ చెట్లు గీసి, కొలిచి చెప్పారు. ఒత్తిడి ఆపేస్తే కొమ్మలు మళ్లీ చిగురించాయి. బెంగళూరులో సుమంత్ర ఛటర్జీ బృందం ఇదే ప్రశ్నని భయానికి నెలవైన అమిగ్డాలాలో వేసింది. అక్కడ ఒత్తిడికి కొమ్మలు తగ్గకపోగా పెరిగాయని 2002లో, 21 రోజులు హాయిగా వదిలేసినా ఆ పెరుగుదల పోలేదని 2004లో చూపించింది. ఒకే తల, ఒకే ఒత్తిడి, ఒకే విశ్రాంతి. ఒక గది సర్దుకుంది, పక్క గది సర్దుకోలేదు.

ఇక 2014 నాటి ఏర్పాటుకి వద్దాం. కొమ్మలు తిరిగి చిగురించినంత మాత్రాన కణం పాత కణమేనా? ఇదీ ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే విశ్రాంతి తీసుకున్న ఎలుకని ఊరికే తెరిచి చూస్తే చాలదు. ఊరికే ఉన్నప్పుడు అందరూ ఒకలాగే కనిపిస్తారు. దాన్ని కదపాలి. అందుకని ఈతను కొలబద్దగా పెట్టుకున్నారు. ఏ కష్టమూ ఎరగని ఎలుకకి ఈత, 21 రోజుల బంధనం అయిన ఎలుకకి ఈత, 21 రోజులు బంధించి మరో 21 రోజులు వదిలేసిన ఎలుకకి ఈత. నీళ్లు అవే, పాత్ర అదే. ఈదే ఎలుక గతం మాత్రం వేరు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అని మనకో సామెత ఉంది. రెండో గుంపు అచ్చంగా అదే. వేలు సలుపుతుండగా రోకలి పడింది. మూడో గుంపుకి మన సామెతల్లో చోటు లేదు. గోరుచుట్టు తగ్గి, గోరు మళ్లీ మొలిచి, వేలు చూపిస్తే ఎవరూ పోల్చుకోలేని స్థితికి వచ్చాక పడే పోటు అది. ఆ వేలు ఎలా నొస్తుంది?

ముందు రెండో గుంపు సంగతి. కష్టం ఎరగని ఎలుక ఈదితే కదిలిన జన్యువుల కంటే, బంధనం అయిన ఎలుక ఈదితే కదిలినవి చాలా ఎక్కువ. ఎక్కువ కావడం ఎవరైనా ఊహిస్తారు. అవి వేరే జన్యువులు కావడం ఊహించడం కష్టం. పాత చీటీయే పెద్ద అక్షరాలతో రాసినట్టు లేదు, చీటీలో సరుకే మారింది. మూడో గుంపులో, బంధనంతో పెరిగిన జన్యువుల్లో చాలామట్టుకు విశ్రాంతి తర్వాత దిగివచ్చాయి. అయినా మొదటి మట్టానికి చేరనివి చాలానే మిగిలాయి. కొమ్మలు చిగురించిన చెట్టే అయినా, గాలి వీస్తే ఆకుల చప్పుడు వేరుగా ఉంది.

ఇలాంటి పట్టీల్లో ఒక ఉచ్చు ఉంటుంది. గాజుపలక మీద వేల జన్యువులకి ఒక్కొక్కదానికీ ఒక్కో గురుతు అమర్చిన మైక్రోఅరే వాడారు వీళ్లు. అప్పటికే ఆర్‌ఎన్‌ఏని అక్షరం అక్షరం చదివే కొత్త పద్ధతి వచ్చేసింది. పాతదానితోనే పని కానిచ్చారు, దానికేం లోటు లేదు. ఉచ్చు ఎక్కడంటే, 20,000 జన్యువులని నూటికి 5 పొరపాట్లు చెల్లుతాయన్న నియమంతో పరీక్షిస్తే, ఏమీ జరగకపోయినా 1,000 జన్యువులు మారినట్టు కనిపిస్తాయి. ఆ గుంపులోంచి మనకి నచ్చిన పదింటిని ఏరుకుని కథ అల్లడం చాలా తేలిక. అల్లిన కథలు చాలానే చదివాను. వీళ్లు పట్టీలో మారినట్టు కనిపించినవాటిలో కొన్నిటిని క్యూపీసీఆర్ అనే వేరే పద్ధతితో మళ్లీ కొలిచారు. ఒక్కో చక్రానికీ రెట్టింపవుతూ పోయే ప్రతుల్లో ఎన్నో చక్రానికి వెలుగు కనిపించిందో లెక్కపెట్టే పద్ధతి అది. ఒత్తిడికి మారతాయని ముందే తెలిసిన జన్యువులని కూడా అందులో చేర్చారు. తెలిసినవి సరిగ్గా వస్తేనే తెలియనివాటి మాట నమ్మాలని.

కథలో నాయకుడుగా తేలింది ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే దారి. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ రోగనిరోధక కణాల్లో దీన్ని కనిపెట్టారు. వాపు, నొప్పి, సూక్ష్మజీవుల దాడి, ఇలాంటి వేళల్లో జన్యువులని మేల్కొలిపే ప్రొటీన్ అది. మామూలు వేళల్లో దాన్ని కేంద్రకంలోకి పోనివ్వకుండా ఒక కళ్లెం పట్టి ఉంచుతుంది. ఆ కళ్లేన్ని తయారు చేసే జన్యువు, ఎన్‌ఎఫ్‌కెబిఐఏ, ఈ ప్రయోగంలో మారినవాటిలో ఒకటి. దానితో పాటు ఆ దారిలోని మరో రెండు జన్యువులు, రెల్-ఏ, ఎన్‌ఎఫ్‌కెబి1. గుర్రమూ కళ్లెమూ రెండూ కదిలాయి. జ్ఞాపకాల గదిలో వాపుకి సంబంధించిన జన్యువులకి పనేమిటన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

రిచర్డ్ హంటర్ పేరు పైన చెప్పాను. ఇదే ల్యాబ్‌లో ఆయన చేసిన ఇంకో పని ఉంది, దాన్ని వదిలేస్తే నాకు నిద్రపట్టదు. ఒక్కసారి ఒత్తిడి తగలగానే హిప్పోక్యాంపస్‌లో హెచ్3 అనే హిస్టోన్ మీద, తొమ్మిదో స్థానంలో మూడు మిథైల్ గుర్తులు పెరుగుతాయని 2009లో ఆయన బృందం చూపించింది. ఆ గుర్తు తాళం లాంటిది, పడ్డచోట ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగుతుంది. ఎలుకని భయపెట్టగానే ఏ జన్యువుకి తాళం పడుతోందని వెతికితే, 2012లో విచిత్రమైన జవాబు వచ్చింది. తాళాలు ఎక్కువగా పడ్డది మామూలు జన్యువుల మీద కాదు. రెట్రోట్రాన్స్‌పోజాన్లని, తమ నకలు తామే తీసుకుని డీఎన్‌ఏలో ఇంకోచోట దూరే ముక్కలు ఉంటాయి, వాటి మీద. ఊళ్లో అలజడి మొదలవగానే ముందు దొంగలున్న వీధికి కాపలా పెట్టినట్టుంది. అయితే ఒత్తిడి అదేపనిగా సాగితే ఆ కాపలా నిలవడం లేదు. మిర్‌స్కీ, ఆల్‌ఫ్రేల బడిలో హిస్టోన్ల గురించి 1964లో మొదలైన మాట, దాదాపు యాభై ఏళ్లకి ఆ శిష్యుడి ల్యాబ్‌లో ఇలా కొలిక్కి వచ్చింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 2014 ప్రయోగంలో అన్నీ మగ ఎలుకలే. సగం లోకాన్ని వదిలేసి లోకం గురించి చెప్పినట్టయింది. రెండోది, హిప్పోక్యాంపస్‌ని మొత్తంగా నలిపి ఆర్‌ఎన్‌ఏ తీశారు. అందులో సీఏ3 కణాలున్నాయి, సీఏ1 కణాలున్నాయి, నాడీకణాలని సాకే గ్లియా కణాలున్నాయి, రక్తనాళాల గోడలున్నాయి. పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ కలిపేసి ఉప్పెక్కువైందంటే ఏ గిన్నెలో ఎక్కువైందో చెప్పలేం. ఇక ఈత పరీక్ష. మందుల కంపెనీలు దాన్ని కుంగుబాటుని కొలిచే పరీక్షగా వాడుతూ వచ్చాయి. నీళ్లలో ఈదడం మానేసి తేలుతున్న ఎలుకకి నిరాశ కలిగిందని అనడం నాకెప్పుడూ మింగుడు పడలేదు. తేలితే చాలని తెలుసుకుందేమో. ఈ వ్యాసంలో మాత్రం ఆ పేచీ లేదు. ఈతని ఒక కొత్త భయంగా వాడుకున్నారు గాని, ఎలుక మనసు దాని తేలడంలో చదవలేదు.

మొదటి రెండు లోపాలనీ ఆ ల్యాబే మరమ్మతు చేసింది. రాక్‌ఫెల్లర్‌లోనే నథానియెల్ హైంట్జ్, పాల్ గ్రీన్‌గార్డ్ ల్యాబులు 2008లో ఒక ఉపాయం కనిపెట్టాయి. చీటీ చదివి ప్రొటీన్ కట్టే యంత్రం రైబోజోమ్. ఎంచుకున్న ఒక రకం కణాల్లో మాత్రమే ఆ రైబోజోమ్‌కి ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ తోక తగిలించిన ఎలుకలని తయారు చేశారు. కణజాలమంతా నలిపినా ఫరవాలేదు. ఆ ఆకుపచ్చ తోకని పట్టుకునే యాంటీబాడీ పూసిన గుళికలతో లాగితే, కావాల్సిన కణాల రైబోజోములే వస్తాయి, అవి చదువుతున్న ఆర్‌ఎన్‌ఏ వాటి నోట్లోనే పట్టుబడి వస్తుంది. రాసిన చీటీలన్నీ కాదు, కొట్టువాడు చేత్తో పట్టుకుని సరుకు తూస్తున్న చీటీలు మాత్రమే దొరుకుతాయన్నమాట. దీన్ని సీఏ3 కణాలకి వర్తింపజేసి, జోర్డన్ మరోకో, గ్రే తదితరులు 2017లో మగ ఎలుకలనీ ఆడ ఎలుకలనీ పక్కపక్కన పెట్టారు. రెంటి పట్టీలూ వేరుగా వచ్చాయి. మగ ఎలుకలతో రాసిన పాత వాక్యాలని ఎంత జాగ్రత్తగా చదవాలో అప్పుడు తెలిసింది. మెక్‌యూయెన్ 2020 జనవరిలో కన్నుమూశాడు. ఆఖరి దాకా ఈ లెక్కలు సరిచేస్తూనే ఉన్నాడు.

2014 వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే చూసి ఊరుకోకుండా, ఈత తర్వాత ఎలుకల బెదురుని కూడా కొలిచారు. కష్టం ఎరగని ఎలుకలు ఈత తర్వాత బెదిరాయి. 21 రోజులు బంధించి 21 రోజులు వదిలేసినవీ ఈత తర్వాత బెదిరాయి. బయటి నుంచి చూస్తే ఈ రెండు గుంపులూ ఒకటే. పక్కపక్క గూళ్లలో ఉంచి, గూటి మీది పేరు తీసేస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. హిప్పోక్యాంపస్‌లోని ఆర్‌ఎన్‌ఏ మాత్రం చెబుతుంది. ఒకే బెదురు, దాని వెనక వేరే జన్యువులు.

ఇక బంధనం ముగిసి 24 గంటలే అయిన గుంపు. జన్యువులు అన్నిటికంటే ఎక్కువగా కదిలినవి వాటిలోనే. గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డవి అవే. మరి బెదురు అన్నిటికంటే వాటికే ఎక్కువ ఉండాలి కదా? లేదు. ఈత వాటి బెదురుని పెంచలేదు. మెదడులో అంత అలజడి జరుగుతుంటే ఒంటి మీద తొణుకు లేదు. అలవాటు పడ్డాయా, అలిసిపోయాయా, బెదిరే శక్తే అయిపోయిందా? నీటుగా నడుస్తున్న కథకి ఇది అడ్డం. ఇంకొకరైతే దీన్ని అనుబంధ పట్టికల్లో ఎక్కడో ఆరో పేజీలోకి తోసేవారు. వీళ్లు వ్యాసం మొదట్లో ఉండే సారాంశంలోనే, అందరూ చదివే చోట, ఆ ఎలుకలు బెదరలేదని ఒక్క వాక్యంలో రాసి పెట్టారు.